పంచదార పంపిన మనుషులు

డొరికా చేతులు పొట్లం కడుతున్నాయి. పంచదార సంచీ మీద బట్టల సబ్బు బద్ద అడ్డంగా పెట్టి, రెండింటినీ పాత వార్తాపత్రికలో చుట్టి, చెట్టునార తాడు రెండు చుట్లు తిప్పి ముడి బిగించింది. ఆ ముడి ఒక్క లాగుకు విడిపోవాలి. నలుగురి ముందూ ఊరి పెద్ద ముడి విప్పలేక తంటాలు పడితే ఆ కోపం సాయంత్రం దాకా జట్టు మీదే ఉంటుంది.

"తడలా వాళ్లమ్మా, అయిందా?" అన్నాడు జట్టు నాయకుడు గెర్షోమ్ మలుంగా, డొరికాను అలవాటుగా ఆమె బిడ్డ పేరుతో పిలుస్తూ, కారు బానెట్ మీద ఊరి పటం పరుచుకుంటూ.

"అయింది. ఈసారి సబ్బు చిన్నది తెచ్చావన్నా. పెద్దాయన కొలిచి చూస్తాడేమో."

"కొలవడం మన పని. ఆయన పని కాదు."

జట్టులో మిగతావాళ్లు నవ్వారు. డొరికా కూడా నవ్వి, పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని కారెక్కింది.

మా మలావీలో ఏ ఊరికి ఏ పని మీద వెళ్లినా ముందు ఊరి పెద్ద ఇంటికి వెళ్లాలి. ఒట్టి చేతులతో వెళ్లినవాణ్ణి చావు కబురు తెచ్చినవాడనుకుంటారు. దోమతెరలు పంచేవాళ్లయినా, బోరు బాగు చేసేవాళ్లయినా, పాస్టరైనా పొట్లం పట్టుకునే గుమ్మం తొక్కుతారు. దాన్ని లంచమని ఎవరూ అనరు. అన్నానికి ముందు చేతులు కడుక్కున్నట్టు అది. డొరికా జట్టు ఊరూరా తిరిగి అడిగేదే లంచాల గురించి. అయినా ఆ పొట్లం కడుతున్నప్పుడు ఆమెకు గానీ గెర్షోమ్‌కు గానీ అది ఎన్నడూ తట్టలేదు.

డొరికా చిలేంజేది సలీమా పట్నం దగ్గర సరస్సు ఒడ్డు. తండ్రి వలలు బాగుచేసేవాడు. చదువు మధ్యలో ఆగిపోయాక పట్నం నుంచి వచ్చే పాత బట్టల మూటలు విప్పి సంతలో అమ్మేది. ఒక ఏడాది దోమతెరల లెక్క రాసే జట్టులో ఒకామెకు జ్వరమొస్తే, ఆమె బదులు వెళ్లింది. ఆ జట్టు డొరికాను వదల్లేదు, తర్వాత ఈ లంచాల సర్వేలోకీ తీసుకుంది. పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. శిక్షణ అంటే ఊళ్లోని లాడ్జిలో కూర్చోబెట్టి ప్రశ్నలు బిగ్గరగా చదివించడమే. మిగతాదంతా వాకిళ్లలో నేర్చుకుంది.

ఇంటివాళ్లు చాప మీదుంటే కుర్చీ ఇచ్చినా కూర్చోకూడదు. ఎలా తెల్లవారింది, పిల్లలెలా లేచారు, వాన జాడ ఏమైనా ఉందా అని అడగడం పూర్తయ్యేదాకా సంచీలోంచి ట్యాబ్ తీయకూడదు. తీశాక దాని వెలుగు దారి వైపు తిరక్కూడదు. ప్రశ్న అడిగాక ఎదుటి మనిషి మొహంలోకి చూడకూడదు, తన మోకాళ్ల వైపు చూసుకోవాలి. పెద్దవాళ్ల గురించి అడిగినప్పుడు జనం జవాబు కోసం అడిగినవాళ్ల మొహంలోనే వెతుకుతారు. ప్రశ్న అర్థం కాలేదంటే అదే ప్రశ్న, అవే మాటలతో మళ్లీ చదవాలి. "ఒక్క మాట మనం కలిపామంటే అది మన జవాబైపోతుంది, వాళ్లది కాదు" అనేది కొత్తగా చేరినవాళ్లతో. అంతకుమించి ఉపన్యాసం ఇచ్చేది కాదు.

జవాబులు గుర్తుండని ముసలివాళ్లకు చేత్తో చూపించేది. గుప్పెట మూస్తే ఎవరూ కాదని, రెండు వేళ్లు కొందరని, నాలుగు చాలామందని, అరచేయి మొత్తం విప్పితే అందరూ అని. కానీ దూరాన ఎవరైనా నిలబడి ఉంటే ఆ వేళ్లు ఎత్తనిచ్చేది కాదు. మాట గాలికి పోతుంది, వేళ్లు కనిపిస్తాయి.

ఈ సర్వే రెండు మూడేళ్లకోసారి వస్తుంది. మా ఒక్క మలావీలోనే కాదు, ఆఫ్రికాలో ఎన్నో దేశాల్లో డొరికా లాంటివాళ్లు అవే ప్రశ్నలు తమ తమ భాషల్లో పట్టుకుని అదే కాలంలో నడుస్తుంటారు. పోలీసుల్లో లంచగొండులు ఎంతమందని మీరనుకుంటున్నారు? న్యాయమూర్తుల్లో? జిల్లా కార్యాలయంలో? ఊరి పెద్దల్లో? జనం ఏమనుకుంటున్నారన్నదే కొలత. ఒకసారి గెర్షోమ్ అచ్చయిన పుస్తకం తెచ్చి చూపించాడు. దేశాల పేర్లు వరసగా, పక్కన నల్లటి పట్టీలు. మడగాస్కర్, మలావీ, మాలీ. డొరికా మలావీ పట్టీ మీద వేలు పెట్టింది. వేలి కింద అది కనబడకుండా పోయింది.

"నేను నడిచిన ఊళ్లన్నీ ఇందులో ఉన్నాయా?"

"అన్నీ."

"ఇంతేనా?" అని వేలు తీసేసింది.

చింబలంగా ఊరికి వాళ్లు వెళ్లింది వానలకు ముందు, పొలాల్లో బోదెలు తీస్తున్న రోజుల్లో. ఎండకు మట్టి తెల్లబడి ఉంది. గాదెల్లో మొక్కజొన్న అడుగంటింది. జనం పచ్చి మామిడికాయలు ఉప్పుతో తిని పూట గడుపుతున్నారు. ఊరి పెద్దను ఊరి పేరుతోనే పిలుస్తారు. చింబలంగా అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డొరికా మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో పొట్లం అందించింది. ఆయన తాడు లాగాడు. ముడి విడిపోయింది.

"పద్ధతి తెలిసినవాళ్లే," అన్నాడు లోపలికి తొంగి చూసి. "అడగండి, అడగండి. మా ఊళ్లో అందరూ నిజమే చెప్తారు. సౌజండేని వెంట పంపిస్తాను. ఎవరైనా మరిచిపోతే గుర్తుచేస్తాడు."

"అయ్యా, మా పద్ధతిలో ఒక్కరితో ఒక్కరే మాట్లాడాలి," అన్నాడు గెర్షోమ్.

"దూరంగానే ఉంటాడులే. కొత్త ఊరు, కుక్కలుంటాయి."

సౌజండే ఊరి పెద్దకు కుడిభుజం. కుక్కల కంటే ముందు తనే మొరిగే రకమని ఊళ్లో అంటారు. పళ్లపుల్ల నములుతూ లేచాడు. బోరు దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లందరూ పొట్లం లోపలికి వెళ్లడం చూశారు.

వాళ్లలో ఎలినాతి ఒకర్తె. ఆ వారమంతా ఆమెకు ఒకటే ధ్యాస, సగం ధరకు ఇచ్చే ప్రభుత్వం ఎరువు. ఊళ్లో ఇళ్లకంటే ఎరువు దక్కే పేర్లు తక్కువ. ఆ పేర్లు ఎవరివో చెప్పేది చింబలంగా. నిరుడు ఎలినాతి పేరు లేదు. ఆమెది ఇసుక నేల. ఎరువు పడకపోతే కంకి బొటనవేలంత వచ్చి ఆగిపోతుంది. నిరుడు అలాగే ఆగింది. ముసలి తల్లి, పెద్దకూతురు వదిలి వెళ్లిన మనవరాలు, తను, ముగ్గురికీ ఆ కంకులు పట్టుమని కొన్ని నెలలు కూడా రాలేదు. ఈసారి పేరు కావాలంటే పంచదార, సబ్బు పట్టుకుని రావాలని ఊరి పెద్ద భార్య బోరు దగ్గర మెల్లగా చెప్పిపోయింది. ఎలినాతి దగ్గర ఆ రెండూ లేవు. ఉన్నది చుక్కల కోడి ఒక్కటే, గుడ్లు పెట్టేది.

పట్నం మనుషులు అదే పంచదార, అదే సబ్బు పెద్దాయన ఒళ్లో పెట్టడం చూసి ఆమె లెక్క వేసుకుంది. వీళ్లే పేర్లు రాసేవాళ్లు. రాసుకునే హక్కు పెద్దాయన దగ్గర కొనుక్కున్నారు. కొన్నవాళ్లు ఎక్కడో రాబట్టుకోవాలి కదా. ఇంటికెళ్లి తల్లితో ఒక్క మాట చెప్పింది. "కోడిని పట్టి ఉంచు."

ఎండ నెత్తి మీదికి వస్తుండగా డొరికా ఆ ఇంటి వాకిట్లో నిలబడి తలుపు తట్టడానికి బదులు "ఓడీ!" అని కేక వేసింది. లోపల్నుంచి బదులు కేక వచ్చాకే అడుగు ముందుకు వేసింది. ఇళ్లను ఆమె ఎంచుకోదు. మొదలుపెట్టిన చోటునుంచి ఇన్ని ఇళ్లు దాటి ఒక ఇల్లు అని లెక్క. ఇంట్లో ఎవరితో మాట్లాడాలో కూడా ఆమె ఎంచుకోదు. ఒక ఇంట్లో మగవాళ్లయితే తర్వాతి ఇంట్లో ఆడవాళ్లు. పెద్దవాళ్ల పేర్లు చీటీల మీద రాసి బోర్లించి ఇంటివాళ్లనే తీయమంటుంది.

పలకరింపులయ్యాయి. చాప పరిచారు. ఇంట్లో పెద్ద ఆడవాళ్లు ఇద్దరే, తల్లీ కూతురూ. డొరికా రెండు చీటీలు కలిపి చాప మీద పెట్టింది. ఎలినాతి ఒకటి తీసింది.

"మీ పేరే అమ్మా. ఎలినాతి."

"నా పేరే వచ్చిందా?"

ముసలామె నోటికి చేయి అడ్డం పెట్టుకుని పెళ్లిలో వేసినట్టు గొంతెత్తి కూత వేసింది. మనవరాలు ఎగిరింది. దారికి అవతల మామిడిచెట్టు కింద కూర్చున్న సౌజండే మెడ సాచి చూశాడు.

డొరికాకు ఆ కూత నచ్చలేదు. "అమ్మా, ఇది ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ కాదు. కొన్ని ప్రశ్నలు అడుగుతాను, అంతే. మీ పేరు ఎవరికీ చెప్పం. ఇష్టం లేకపోతే మాట్లాడక్కర్లేదు."

"అలాగే చెల్లీ, అలాగే." ఎలినాతి తల ఊపుతూనే ఉంది. "ముందు అలా చెప్పాలి కదా మీరు. అడుగు, అడుగు."

మొదటి ప్రశ్నలు తేలికవి. నీళ్లు ఎంత దూరం, రేడియో వింటారా, తిండి లేని రోజులు ఎన్నిసార్లు వచ్చాయి. ఆ చివరిదానికి మాత్రం ఎలినాతి నిజం చెప్పింది. తర్వాత డొరికా మోకాళ్ల వైపు చూసుకుంటూ చదివింది. "పోలీసుల్లో లంచగొండులు ఎంతమందని మీరనుకుంటున్నారు? ఎవరూ కాదు, కొందరు, చాలామంది, అందరూ? లేక, చెప్పేంత తెలియదా?"

"ఎవరూ కాదు!" ఎలినాతి దారి దాకా వినబడేలా అంది. "పోలీసులు దేవదూతలు."

"జిల్లా కార్యాలయం అధికారుల్లో?"

"వాళ్లూ దేవదూతలే. రెక్కలు మడిచి చొక్కా లోపల పెట్టుకుంటారు."

ముసలామె కిసుక్కున నవ్వింది. ఎలినాతి ఆమె మోకాలి మీద చిన్నగా కొట్టింది.

"ఊరి పెద్దల్లో?"

ఎలినాతి మామిడిచెట్టు వైపు తిరిగింది. ఎవరూ నేర్పకుండానే గుప్పెట మూసి తలకంటే ఎత్తుగా పట్టుకుంది. "మా పెద్దాయన ఒంట్లో లంచమనే ఎముకే లేదు!"

"బాగా చెప్పావు వదినా!" సౌజండే చెట్టు కింద నుంచే చప్పట్లు కొట్టాడు.

డొరికా ట్యాబ్ బోర్లించింది. లేచి దారి దాటింది.

"అన్నా, కొంచెం అవతలికి వెళ్తావా?"

"నేను చెట్టు కిందున్నాను, మీరు చాప మీదున్నారు. నన్ను చెట్టే అనుకోమ్మా. చెట్టుకి చెవులుంటాయా?"

"ఈ చెట్టు చప్పట్లు కొడుతోంది."

"గాలికి కొట్టుకుంటాయమ్మా ఆకులు." అతను కదల్లేదు.

వాదించి లాభం లేదని డొరికాకు తెలుసు. తిరిగొచ్చి, "ఎండ మరీ ఎక్కువగా ఉంది. మీ వంటింట్లో కూర్చుందామా అమ్మా?" అంది. మా వైపు ఆడవాళ్ల వంటపాకలోకి పరాయి మగాడు అడుగు పెట్టడు. పెడితే ఏడాది పొడవునా ఊరంతా వాణ్ణి గరిటె పేరుతో పిలుస్తుంది. సౌజండే ఎంత కుక్కయినా ఆ గడప దాటడు.

లోపల పొగ, చీకటి. పొయ్యి మీద కుండలో ఆకుకూర ఉడుకుతోంది. కూర్చోగానే ఎలినాతి గొంతు తగ్గించి అడిగింది. "ఇక చూపించు. నా పేరు ఎక్కడ రాశావు?"

"పేరు రాయలేదమ్మా. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు."

"రాయలేదా? చీటీ తీస్తే నా పేరేగా వచ్చింది!"

"ఈ ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తేల్చడానికే అది. నేను ఎరువుల మనిషిని కాదు. నా దగ్గర ఆ పేర్లేమీ లేవు. మొదటే చెప్పాను కదా."

"అందరూ మొదట అదే చెప్తారు. కోడి చిన్నదైతే మరీ గట్టిగా చెప్తారు."

"ఏ కోడి?"

ఎలినాతి పొయ్యిలో కర్ర లోపలికి తోసి మంట వైపు చూసింది. చీకట్లో కూడా ఆమె మొహం మారడం డొరికాకు కనిపించింది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఉన్న సంతోషం తను తెచ్చినదే. దాన్ని ఇప్పుడు తనే పట్టుకుపోతోంది.

"మరి పంచదార ఎందుకిచ్చావు పెద్దాయనకి?"

"ఊళ్లోకి రావాలంటే ఇవ్వాలి కదమ్మా. మర్యాద."

"మాకూ అదే చెప్పారు, మర్యాదని. పంచదార, సబ్బు. అవి తెస్తేనే ఎరువుకి పేరు." ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి కంటే అలసట ఎక్కువ. "నువ్వు ఏ గుమ్మంలోంచి వచ్చావో ఊరంతా చూసింది చెల్లీ. ఇప్పుడొచ్చి, లంచాలున్నాయా అని అడుగుతున్నావు."

డొరికా చేతులు ట్యాబ్ అంచు మీద ఆగిపోయాయి. ఎన్నో ఊళ్లలో ఎన్నో పొట్లాలు కట్టిన చేతులు. సొంత మాట కలపడం పద్ధతిలో లేదు. పద్ధతిలో ఉన్న మాటే అంది.

"ఇప్పుడు సంగతి తెలిసింది కదా. కావాలంటే మొదట్నుంచీ మళ్లీ అడుగుతాను. చెప్పింది మార్చుకోవచ్చు."

"మారిస్తే ఎరువుకి నా పేరొస్తుందా?"

"రాదు."

"మార్చకపోతే పోతుందా?"

"దానివల్ల పోదు."

"మరి మార్చి నాకేం? నీ కోసం మార్చాలా?" కుండ మీద మూత తీసి కలిపింది. "ఉండనీ. దేవదూతలే. సౌజండే ఇప్పటికే గోడ పక్కకి చేరుంటాడు. వాడి చెవులు కోసి పొలంలో పాతితే వానకి మొలుస్తాయి."

గోడ అవతల దగ్గు వినిపించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డొరికాకు నవ్వొచ్చింది, ఆపుకుంది.

మిగిలిన ప్రశ్నలు అడిగింది. ఎలినాతి వాటికి మాట లేకుండా తల అడ్డంగా ఊపింది. గడిచిన ఏడాదిలో ఏ పని కోసమైనా లంచమో కానుకో ఇవ్వాల్సి వచ్చిందా అన్నప్పుడూ అలాగే ఊపింది. డొరికా వేలు ఆ జవాబు దగ్గర ఒక్క క్షణం నిలిచింది. తర్వాత ఎలినాతి చెప్పినదే నొక్కింది. అబద్ధమని తెలిసినా అది ఆమె జవాబు.

చివరి ప్రశ్న ప్రతి ఇంట్లోనూ అడిగేదే. మమ్మల్ని ఎవరు పంపారని మీరనుకుంటున్నారు? ప్రభుత్వమని చాలామంది అంటారు. కొందరు పార్టీ పేరు చెబుతారు, చర్చి అంటారు. డొరికా చదివింది.

"పంచదార," అంది ఎలినాతి.

"అమ్మా?"

"మిమ్మల్ని పంపింది పంచదార. అలాగే రాయి."

ఇచ్చిన వరసలో ఆ జవాబు లేదు. "ఇతరము" అన్నచోట డొరికా ఆమె మాట ఉన్నదున్నట్టు రాసింది.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి ముసలామె వాకిట్లో చాప మీద మోకాళ్లూని ఉంది. ఆమె రెండు చేతుల్లో చుక్కల కోడి. కాళ్లు నారతో కట్టి ఉన్నాయి. కూతురు పొద్దున చెప్పిన మాట ఒక్కటే ఆమెకు తెలుసు. లోపల మాటలు ఏ మలుపు తిరిగాయో ఆమెకెవరు చెప్తారు? సౌజండే గోడ పక్క నుంచి తాపీగా వచ్చి చాప అంచున నిలబడ్డాడు.

"తీసుకో తల్లీ," అంది ముసలామె. "నా కూతురి పేరు నీ చేత్తో వచ్చింది."

ఎలినాతి గబగబా ముందుకు వెళ్లబోయి సౌజండేని చూసి ఆగిపోయింది.

జట్టులో ఒక కట్టుబాటు ఉంది. ఇంటివాళ్ల చేతి నీళ్లు తాగవచ్చు. అంతకుమించి గుడ్డు పుచ్చుకున్నా ఆ రోజే జట్టులోంచి పంపించేస్తారు. డొరికా ఇన్నేళ్లలో ఒక్క మామిడిపండు కూడా సంచీలో వేసుకోలేదు. ముసలామె ముందు తనూ మోకాళ్ల మీద కూర్చుని, కోడిని తాకకుండా, ఆమె మణికట్లు పట్టుకుంది.

"అమ్మమ్మా, మీ ఇంట్లో నీళ్లు తాగాను. అదే చాలు. కోడిని లోపల పెట్టుకోండి."

"చిన్నదనా?"

"కాదమ్మమ్మా. నేను తీసుకోకూడదు."

ముసలామె చేతులు అలాగే చాచి ఉన్నాయి. ఆ చేతుల్ని ఎటు తిప్పాలో ఆమెకు తెలియలేదు.

"లోపలికెలా పోతుంది?" అన్నాడు సౌజండే. "అతిథి కోసం బయటికొచ్చిన కోడి మళ్లీ ఇంట్లోకి పోకూడదు. ఊరికి కీడు. వానలు రావాల్సిన రోజులు, ఆడుకోవద్దు. అతిథి వద్దంటే అది ఊరి పెద్దది. ఇది నేను కనిపెట్టింది కాదు, నీకూ తెలుసు అమ్మమ్మా."

ఆమెకు తెలుసు. ఎలినాతికీ తెలుసు. సరస్సు ఒడ్డున పుట్టిన డొరికాకూ తెలుసు. అయినా వద్దని చెప్పేటప్పుడు ఆమెకు గుర్తొచ్చింది జట్టు కట్టుబాటు ఒక్కటే.

"అయితే ఇటివ్వండి, నేను తీసుకుంటాను," అంది గాభరాగా. తీసుకుని ఊరు దాటాక ఎలాగో వెనక్కి పంపవచ్చనుకుంది.

"వద్దన్నది నేను విన్నాను," అన్నాడు సౌజండే. "నీ జట్టు నాయకుడు కూడా వింటాడు, కావాలంటే." ముసలామె చేతుల్లోంచి కోడిని తలకిందులుగా అందుకున్నాడు. అది రెక్కలు కొట్టుకుంది. దుమ్ము లేచింది.

"ఎవరిచ్చారో పెద్దాయనకి చెప్తావా?" అంది ఎలినాతి.

"చెప్పకపోతే వదినా? పట్నం వాళ్లు వద్దన్న కోడి అని చెప్తాను."

"అలా చెప్తే నేనిచ్చినట్టు కాదుగా."

"నువ్వు ఆయనకివ్వలేదుగా మరి."

అతను వెళ్లిపోయాడు. మనవరాలు కొంత దూరం కోడి వెనకే నడిచి తిరిగొచ్చింది. ఎలినాతి చాప దులిపి చుట్టింది. డొరికా నిలబడే ఉంది.

"వెళ్లు చెల్లీ, ఇంకా ఇళ్లున్నాయిగా నీకు," అంది ఎలినాతి ఆమె వైపు చూడకుండా. "తీసుకుని ఉంటే నీ కడుపులోకైనా పోయేది. నువ్వు చెయ్యి చాచని మనిషివని నిలబెట్టుకోడానికి నా కోడి పోయింది."

డొరికా మిగతా ఇళ్లు పూర్తిచేసింది. ఏ ఇంట్లోనైనా ఒకటే పాట. ఎవరూ కాదు, ఎవరూ కాదు. జట్టులో మిగతావాళ్లకూ అలాగే వచ్చిందట. "ఇంత మంచి ఊరు ఇప్పటిదాకా చూడలేదు," అన్నాడు ఒకడు, సాయంత్రం ఎండుచేపలతో న్సీమా సంకటి ముద్దలు చేసుకుంటూ. డొరికా తినలేదు. ట్యాబ్ తెరిచి, అడిగినవారు తమ వైపు నుంచి రాయవలసిన భాగం నింపింది. మాట్లాడేటప్పుడు వేరే ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. వాళ్లవల్ల జవాబులు మారాయా? మారాయి. కింద ఖాళీలో రాసింది: ఎరువుకు పేరు కావాలంటే ఈ ఊళ్లో పంచదార, సబ్బు ఇవ్వాలని ఒక ఇంట్లో విన్నాను. ఊళ్లోకి రాగానే మేము పెద్దాయనకు ఇచ్చింది కూడా అవే. జనం చూశారు.

ఇంకో సంగతి కూడా రాయబోయింది. కోడి గురించి రాస్తే ఏ ఇల్లో తెలిసిపోతుందని మానేసింది.

మర్నాడు పొద్దున ఊరు విడిచి వెళ్తుంటే బడి ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఎరువుల పేర్లు చదువుతున్నారు. కారు నెమ్మదించింది. డొరికా అద్దం దించింది. పేర్లు ఒక్కొక్కటే గాల్లోకి వస్తున్నాయి. పిలిచినవాళ్లు చేయెత్తుతున్నారు. ఎలినాతి గుంపు చివర మనవరాలిని వీపున కట్టుకుని నిలబడి ఉంది. పేర్లు అయిపోయాయి. చదివినతను కాగితం మడిచాడు. ఎలినాతి ఇంకా వింటున్నట్టే నిలబడి ఉంది.

"పోదాం," అన్నాడు గెర్షోమ్. కారు కదిలింది.

సిగ్నల్ దొరికే గుట్ట మీద ఆపుకుని అతను అందరి ట్యాబులూ తనిఖీ చేశాడు. డొరికాది రెండుసార్లు చదివాడు.

"తడలా వాళ్లమ్మా, ఇలా రాస్తే ఈ ఊరు మొత్తాన్ని లెక్కలోంచి కొట్టేస్తారు. మన రోజు పోయినట్టే."

"ఉంచితే ఊరంతా దేవదూతలని లెక్కలోకి పోతుందన్నా."

"పొట్లం నేను కొన్నది. ఈ మాట నా మీదికి వస్తుంది."

"కట్టింది నేను. అందించింది నేను. అది కూడా రాయమంటే రాస్తాను."

"వచ్చే విడతకి మనుషుల్ని ఎంచుకునేది నేను కాదు, తెలుసుగా? పైవాళ్లు ఇలాంటివి చూసి, ఈమె గొడవ మనిషి అంటారు."

"అంటారు."

గెర్షోమ్ వేలితో తెర పైకీ కిందికీ జరిపాడు. చెరిపే చోటు అతనికి తెలుసు. "ఇదేంటి, పంపింది పంచదార అని?"

"ఆమె చెప్పిన మాట."

అతను చెరపకుండానే కిందికి జరిపాడు. అవతలి లోయలో తర్వాతి ఊరి పొగలు కనిపిస్తున్నాయి. అక్కడా ఒక ఊరి పెద్ద ఉంటాడు. వెనక సీటులో ఇంకో పంచదార సంచీ, ఇంకో సబ్బు బద్ద, పాత పత్రిక ఉన్నాయి. వాటిని చూసి గెర్షోమ్ ఇబ్బందిగా డొరికా వైపు చూశాడు.

"అవి లేకుండా ఊళ్లో అడుగు పెట్టనివ్వరు," అన్నాడు.

"తెలుసు."

డొరికా సబ్బు అడ్డంగా పెట్టింది. పత్రిక చుట్టింది. నారతాడు రెండు చుట్లు తిప్పి, ఒక్క లాగుకు విడిపోయేలా ముడి వేసింది. అతని చేతిలోంచి ట్యాబ్ తీసుకుని తన రాత చివరి అక్షరం దాకా ఉందో లేదో చూసి, పంపే గుర్తు నొక్కింది. వెళ్లిందని తెర మీద పచ్చగా వెలిగింది. అప్పుడు పొట్లాన్ని ట్యాబ్ మీద పెట్టి, రెండూ కలిపి గెర్షోమ్ చేతుల్లో పెట్టింది.